అయిదు మీటర్ల దూరం: దక్షిణ జార్జియా పెంగ్విన్, సీల్ ఫొటో యాత్రపై నా సమీక్ష

గత నవంబరులో మా తమ్ముడూ నేనూ దక్షిణ అట్లాంటిక్ సముద్రంలో పదహారు రోజులు ఓడ ప్రయాణం చేసి, దక్షిణ జార్జియా దీవిలో పెంగ్విన్లనూ, సీల్స్ అనే సముద్ర జంతువులనూ ఫొటోలు తీసుకుని వచ్చాము. అడవి జంతువులను దగ్గర నుంచి ఫొటో తీయాలనుకునే వారి కోసమే ప్రత్యేకంగా ఏర్పాటు చేసిన యాత్ర అని చెప్పి, ఓడ టికెట్టుకే మనిషికి పన్నెండు లక్షలకు పైగా తీసుకున్నారు. విమాన ఛార్జీలు, బీమా అదనం. అంత సొమ్ము పెట్టి వెళ్లదగిన యాత్రేనా అని అమలాపురంలోనూ కాకినాడలోనూ ఫొటోలు తీసే మిత్రులు చాలామంది అడుగుతున్నారు కాబట్టి, ఒక్కొక్కరికీ ఫోనులో చెప్పడానికి బదులు జరిగింది జరిగినట్టుగా ఇక్కడ రాస్తున్నాను. వెళ్లదగిన యాత్రే. అయితే వాళ్లు ప్రకటనలో చెప్పిన కారణానికి కాదు.

నేను కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. తొమ్మిదేళ్లుగా కోరంగి అభయారణ్యంలో పక్షులనూ నీటికుక్కలనూ ఫొటో తీస్తున్నాను. 235 చదరపు కిలోమీటర్లకు పైగా పరచుకున్న ఆ మడ అడవిలో నీటికుక్క కనబడేది క్షణమాత్రం. ఇంజను చప్పుడు చెవిన పడగానే బురద గట్టు మీద నుంచి జారి కాలవలో మునిగిపోతుంది. అందుకే మా పడవ నడిపే ఆయన మలుపు రాకముందే ఇంజను ఆపేసి, పోటు నీటి మీద పడవను దానంతట అదే సాగనిస్తాడు. మనం జంతువు దగ్గరకు వెళ్లడం కాదు, మనం ఉన్నామన్న సంగతి అది పట్టించుకోకుండా ఉండేలా చూసుకోవడమే ఈ పనిలో అసలు విద్య అని నాకు నేర్పింది ఆయనే. కాబట్టి ఈ యాత్రను నేను కొలిచిన కొలత కూడా అదే: జంతువుకు ఏ ఇబ్బందీ కలగకుండా మమ్మల్ని దాని ఎదుట ఎంతసేపు నిలబెట్టగలిగారు?

దక్షిణ జార్జియా బ్రిటన్ పాలనలో ఉన్న దీవి. పొడవు సుమారు 170 కిలోమీటర్లు. నడుమ 2,935 మీటర్ల ఎత్తున పేజెట్ పర్వతం, దాని చుట్టూ మంచు నదులు, వాటి అంచున నల్లటి ఇసుక తీరాలు. అక్కడ విమానాశ్రయం లేదు, స్థిర నివాసులు లేరు. అర్జెంటీనా చివరనున్న ఉషువాయా రేవులో ఓడ ఎక్కి, దారిలో ఫాక్‌లాండ్ దీవులు చూసుకుని, అక్కడి నుంచి దాదాపు 1,400 కిలోమీటర్లు తూర్పుకు సాగితే గాని ఆ దీవి కనబడదు. ఆ సాగరంలో గాలికి అడ్డం పడే నేల లేదు. గోదావరి మొగల్లో అలల మీద తిరిగిన అలవాటు ఉన్నా నాకు రెండు రోజులు తల ఎత్తడం కుదరలేదు. ఓడలోని డాక్టరుగారు రోజుకు రెండుసార్లు గదికి వచ్చి చూసి వెళ్లారు. ఆ విషయంలో లోటు చెప్పడానికి లేదు.

దీవికి చేరే ముందురోజు జరిగిన తనిఖీ ఈ సంస్థ మీద నాకు మొదటిసారిగా గౌరవం కలిగించింది. ఒడ్డుకు దిగేటప్పుడు వాడబోయే కోటు, ప్యాంటు, చేతి తొడుగులు, కెమెరా సంచి అన్నింటినీ సిబ్బంది బల్ల మీద పరిచి, జేబులను వాక్యూమ్ క్లీనరుతో శుభ్రం చేసి, వెల్క్రో పట్టీల్లో ఇరుక్కున్న నూగును పట్టుకారుతో ఒక్కొక్కటిగా తీశారు. ఇంటి దగ్గర రెండుసార్లు ఉతికి ఎండబెట్టుకుని వచ్చాననే ధైర్యంతో నా సంచిని ముందుగానే ఇచ్చాను. తనిఖీ చేసే అమ్మాయి దాన్ని తిరగేసి, అడుగు కుట్టు వెంట వేలిగోరు నడిపింది. తెల్లకాగితం మీద బూడిదరంగు పొడి కొద్దిగా రాలింది. అది మన కోరంగి ఒండ్రు. ఎండి, మెత్తగా పొడిగా మారి, దానితోపాటు సగం విరిగిన గడ్డిగింజ ఒకటి. ఆమె ఆ కాగితాన్ని జాగ్రత్తగా మడిచి డబ్బాలో వేసి మూతపెట్టి, సంచిని నా చేతనే మళ్లీ కడిగించి, ఆరిన తరువాత ఇంకోసారి కుట్టుకుట్టూ చూసి గాని జాబితాలో నా పేరు పక్కన సంతకం పెట్టలేదు. నా తరువాత వరుసలో నిలబడ్డవాళ్లకు ఆలస్యమైంది. అయినా ఎవరూ తొందరపెట్టలేదు, ఆమె తొందరపడలేదు.

ఇంత పట్టింపు ఎందుకో ఆ దీవి చరిత్ర తెలిస్తే అర్థమవుతుంది. 1775లో కెప్టెన్ కుక్ అక్కడ దిగి వెళ్లిన తరువాత సీల్ వేటగాళ్లు వచ్చారు, ఆ తరువాత తిమింగలాల వేటగాళ్లు వచ్చారు. వారి ఓడల్లోంచి దిగిన ఎలుకలు నేల మీద గూళ్లు కట్టుకునే పక్షుల గుడ్లనూ పిల్లలనూ తినేస్తూ తీరమంతా వ్యాపించాయి. దక్షిణ జార్జియా పిపిట్ అనే, మరెక్కడా గూడు కట్టని చిన్న పాటల పిట్ట, ఎలుకలు చేరలేని చిన్న దీవులకూ మూలలకూ పరిమితమైపోయింది. 2011 నుంచి 2015 దాకా హెలికాప్టర్లతో మందు చల్లి, 2018లో ఎలుకలు పూర్తిగా పోయాయని ప్రకటించారు. నార్వే వేటగాళ్లు 1911లో తెచ్చి వదిలిన రెయిన్‌డీర్ జింకలను కూడా ఆ కాలంలోనే తొలగించారు. అంత శ్రమతో బాగుచేసుకున్న నేల మీదకు మన కాలవగట్టు గడ్డిగింజ చేరకూడదని వాళ్లు అనుకోవడం నూటికి నూరుపాళ్లు న్యాయం. మేము దిగిన మొదటి ఉదయమే, రేవుకు కాస్త ఎగువన, ఆ పిపిట్ పాట వినబడింది.

ఇక అసలు విషయం. మా మొదటి దిగుడు సాలిస్‌బరీ మైదానం దగ్గర. తెల్లవారుజామున నాలుగున్నరకు లేపి, అయిదున్నరకల్లా జోడియాక్ అనే రబ్బరు పడవల్లోకి పదేసి మందిని ఎక్కించారు. ఒడ్డు ఇంకా అర కిలోమీటరు ఉండగానే ముందు వాసన వచ్చింది, తరువాత చప్పుడు వచ్చింది. వాసన ఉప్పుచేపల వాసనకు దగ్గరగా, దానికన్నా ఘాటుగా ఉంది. చప్పుడు మాత్రం దేనితోనూ పోల్చలేను. వేలాది గొంతులు ఒకేసారి పలుకుతుంటే అందులో ప్రతి పక్షీ తన జతగాడి గొంతునో తన పిల్ల గొంతునో విడిగా పట్టుకుంటుందని పాఠంగా ఎన్నోసార్లు చెప్పాను. అది నా చెవులతో విన్నప్పుడు, ఆ పాఠం చెప్పిన రోజులన్నీ గుర్తుకు వచ్చి కళ్లు చెమ్మగిల్లాయి.

అక్కడ ఉన్నవి కింగ్ పెంగ్విన్లు. మూడడుగుల ఎత్తు, చెవుల దగ్గర నారింజరంగు మచ్చ, మెడ కింద పసుపు ఛాయ. ఒక్క పిల్లను పెంచడానికి వాటికి పద్నాలుగు నుంచి పదహారు నెలలు పడుతుంది కాబట్టి ఆ తీరం ఏ ఋతువులోనూ ఖాళీగా ఉండదు. నవంబరులో వెళ్తే కిందటి ఏడాది పిల్లలు దట్టమైన గోధుమరంగు నూగుతో తల్లిదండ్రులకన్నా లావుగా కనబడుతూ నిలబడి ఉంటాయి. వాటి పక్కనే పెద్దవి కొత్త జతలు కట్టుకుంటూ ఉంటాయి. ఫొటో తీసేవారికి ఈ రెండూ ఒకే చట్రంలో దొరికే నెల అది. నెల దాటితే తీరాన్ని ఫర్ సీల్స్ ఆక్రమించుకుని కొన్నిచోట్ల దిగడమే కష్టమవుతుందని మా యాత్ర నాయకుడు చెప్పారు. తేదీల ఎంపికలో ఈ సంస్థకు పూర్తి మార్కులు ఇస్తాను.

అక్కడి నియమం జంతువుకు అయిదు మీటర్ల దూరంలో ఆగిపోవాలని. సిబ్బంది ముందే దిగి, నడవదగిన దారి వెంట ఎర్రని జెండాకర్రలు పాతి ఉంచారు. ఆ అయిదు మీటర్లను వాళ్లు ఎంత ఖచ్చితంగా పాటించారంటే, ముందుకు ఒక అడుగు వేసినవారిని మర్యాదగానే గాని వెంటనే వెనక్కి రమ్మనేవారు. పెంగ్విన్ తానుగా నడిచి వస్తే కదలకుండా నిలబడమనేవారు, దారికి అడ్డంగా ఉంటే మమ్మల్నే తప్పుకోమనేవారు. ఒడ్డుకు దిగిన మొదటి గంటలో ఈ నియమం చాలామందికి చికాకు కలిగించింది. రెండో గంటలో దాని ఫలం కనబడింది. అటూ ఇటూ తిరగడం మానేసి ఒక్కచోట నిలబడిన మా చుట్టూ పెంగ్విన్లు తమ పనుల మీద తాము నడవసాగాయి. ఒకటి నా ఎదురుగా వచ్చి, రెండు బారల దూరంలో ఆగి, మెడ చాచి నా బూట్ల వైపు చూసి, తల పక్కకు తిప్పింది.

అప్పుడు 400 మిల్లీమీటర్ల దగ్గర లెన్సులో దాని కన్ను నిండుగా కనబడింది. మబ్బు తొలగి వెలుతురు పెరిగేకొద్దీ దాని కంటిపాప చిన్నదవుతూ చిన్నదవుతూ, గుండ్రంగా కాక నాలుగు మూలల చిన్న చదరంగా మారింది. గోధుమరంగు గాజు మధ్యలో సూదితో పొడిచిన నలుచదరపు రంధ్రంలా ఉంది. లోతైన చీకటి నీళ్లలో వేటాడే పక్షి మంచు మీది ఎండను తట్టుకోవడానికి పాపను అంతగా ముడుచుకోగలదని చదివి ఉన్నానే గాని, అది చదరంగా ఉంటుందన్న మాటను కళ్లారా చూస్తానని అనుకోలేదు. "అక్కా, అది నిన్నే చూస్తోంది, కదలకు" అని వెనక నుంచి తమ్ముడు మెల్లగా అన్నాడు. ఆ ఒక్క నిమిషంలో తీసిన ఇరవై ఏడు ఫొటోల్లో ఆరు పదునుగా వచ్చాయి. నా తొమ్మిదేళ్ల ఫొటోల్లో వాటికి సాటి రాగలవి వేరే లేవు.

ఇదే నేను చెప్పదలచుకున్న ముఖ్యమైన మాట. ప్రకటనలో వాళ్లు అమ్మింది దగ్గరతనం; వాళ్లు నిజంగా ఇచ్చింది దూరం, ఆ దూరంలో నిలబడడానికి కావలసినంత సమయం. సాలిస్‌బరీలో మమ్మల్ని మూడున్నర గంటలు ఒడ్డున ఉండనిచ్చారు. ఆ దీవిలో దిగే ఒక్కో చోట ఒకసారికి వందమంది ప్రయాణికులకు మించి నేల మీద ఉండకూడదన్న నియమం ఉంది. మా ఓడలో ప్రయాణికులు 94 మందే కావడం వల్ల అందరం ఒకేసారి దిగి, అందరం చివరిదాకా ఉన్నాము. రెండు వందలమందిని ఎక్కించుకునే ఓడల్లో జట్లుగా దింపి, ఒక జట్టు ఎక్కిన తరువాత ఇంకో జట్టును దింపుతారు కాబట్టి ఒడ్డున దొరికే సమయం సగమవుతుంది. ఫొటోల కోసం వెళ్లేవారు గది వైశాల్యం కన్నా, భోజనశాల ఫొటోల కన్నా ముందుగా అడగవలసిన ప్రశ్న ఓడలో ఎంతమంది అన్నదే.

నేల మీద మోకాళ్లు ఆనించడం, కూర్చోవడం, పడుకోవడం, సంచి కింద పెట్టడం పూర్తిగా నిషేధం. బూట్ల అడుగు తప్ప మరేదీ నేలకు తాకకూడదు. 2023 అక్టోబరులో ఆ దీవికి బర్డ్ ఫ్లూ చేరి, తరువాత సీల్స్‌కు కూడా సోకడంతో ఈ నియమాలను కఠినంగా అమలు చేస్తున్నారు. 2025 ఫిబ్రవరిలో మన గోదావరి జిల్లాల కోళ్ల ఫారాల్లో ఆ జబ్బు ఎంత నష్టం చేసిందో చూసినవాళ్లకు దీన్ని వేరే వివరించనక్కరలేదు. అయితే ఫొటో తీసేవారికి ఇది పెద్ద మార్పు. పక్షి కంటికి సమానమైన ఎత్తు నుంచి తీస్తేనే బొమ్మకు ప్రాణం వస్తుందన్నది మొదటి పాఠం. అందుకోసం కోరంగిలో నేను పడవ అడుగు చెక్క మీద బోర్లా పడుకుంటాను. ఇక్కడ ఆ వీలు లేదు. తెర బయటకు తిరిగే కెమెరా ఉంటే నడుము వంచి, రెండు చేతులతో కెమెరాను మోకాలి ఎత్తుకు దించి, తెరలో చూస్తూ తీయవచ్చు. కింగ్ పెంగ్విన్ మూడడుగులు ఉంటుంది కాబట్టి అది చాలు. కానీ బరువైన లెన్సును అలా పట్టుకుని నిలవడం అయిదు నిమిషాలకే భుజాలను విరుస్తుంది. నడుము నొప్పి ఉన్నవారు తేలికపాటి లెన్సు తీసుకువెళ్లడం మంచిది.

ఈ మెలకువలు చెప్పవలసిన వ్యక్తి దగ్గరే మాకు అన్యాయం జరిగింది. టికెట్టు కొనేటప్పుడు ఏజెంటు పదిమందికి ఒక ఫొటోగ్రఫీ నిపుణుడు ఉంటారని రాతపూర్వకంగా చెప్పాడు. ఓడ ఎక్కి చూస్తే 94 మందికి ఒక్కరే. ఆ ఒక్కరు మంచి ఫొటోగ్రాఫరు, మంచి మనిషి, తెలిసింది దాచుకోకుండా చెప్పేవారు; కానీ ఒడ్డున ఆయన చుట్టూ ఎప్పుడూ పదిహేనుమంది ఉండేవారు, ఆయన భాష బాగా మాట్లాడగలిగినవారికే సమాధానాలు దొరికేవి. పెంగ్విన్ తెల్లటి రొమ్ము, నల్లటి వీపు, వెనక మంచు, అన్నీ ఒకే చట్రంలో ఉన్నప్పుడు వెలుతురు ఎలా కొలవాలో చాలామందికి తెలియక మొదటి రోజు ఫొటోలన్నీ పాడుచేసుకున్నారు. నల్లటి బురద మీద తెల్లకొంగను తీసిన అలవాటు వల్ల నేను హిస్టోగ్రామ్ (ఫొటోలో వెలుతురు ఎక్కువ తక్కువలను చూపే కెమెరాలోని గ్రాఫు) చూసుకుంటూ, తెలుపులో ఈకల గీతలు పోకుండా చూసుకున్నాను. నా పక్కన కూర్చున్న ఒక పెద్దావిడకు ఆ రాత్రి భోజనశాలలో అది నేర్పించాను. ఆ పని చేయవలసింది సంస్థ. ఫొటో యాత్ర అనే పేరుకు సొమ్ము తీసుకున్నప్పుడు ఇద్దరో ముగ్గురో నిపుణులను పెట్టకపోవడం తప్పు. ఈ మాట నేను వారికి కూడా రాశాను.

గోల్డ్ హార్బర్‌లో చూసిన ఎలిఫెంట్ సీల్స్ గురించి ఎంత రాసినా తనివి తీరదు. మగవి నాలుగు టన్నుల వరకూ పెరుగుతాయి. ఒడ్డున పడుకున్నప్పుడు బోర్లించిన నాటు పడవల్లా ఉన్నాయి. నవంబరు నాటికి తల్లులు మూడు వారాలు పాలిచ్చి, పిల్లలను తీరాన వదిలి సముద్రంలోకి వెళ్లిపోతాయి. ఆ పిల్లలు తల్లిపాల కొవ్వుతో గుండ్రంగా, వెండిరంగు బొచ్చుతో, ఏ పనీ లేకుండా ఇసుకలో దొర్లుతుంటాయి. ఒకదాని ముఖం నిండుగా తీస్తున్నప్పుడు దాని కళ్ల కింద తడి గీతలు చెంప మీదుగా మీసాల దాకా దిగి, వాటికి ఇసుకరేణువులు అంటుకుని ఉండడం చూశాను. అది దుఃఖం కాదు. కంటి నుంచి ముక్కులోకి నీటిని తీసుకుపోయే నాళం సీల్స్‌కు ఉండదు కాబట్టి, కన్ను తడిగా ఉంచుకోవడానికి ఊరే నీరు నేల మీద ఉన్నప్పుడు అలా బయటికే కారిపోతుంది. ఆ కళ్లు పెద్దవై, పూర్తిగా నల్లగా ఉన్నాయి. పెద్దయ్యాక 2,000 మీటర్లకు మించిన లోతుకు మునగగల జంతువు అది; ఆ కళ్లలో ఆకాశమూ, మంచుకొండా, ఎరుపు కోటు వేసుకున్న నా నీడా తలకిందులు కాకుండా నిలువుగా కనబడ్డాయి.

ఆ పిల్లల్లో ఒకటి పొట్ట మీద పాకుతూ మా తమ్ముడి బూటు వరకూ వచ్చి ముక్కు ఆనించబోయింది. వాడు ఆనందంతో అలాగే నిలబడబోతే గైడు, "దయచేసి వెనక్కి రండి, ఇంకా వెనక్కి" అని రెండుసార్లు చెప్పి, తానే దారి చూపి పదడుగులు వెనక్కి తీసుకువెళ్లింది. ఆ క్షణాన తమ్ముడి ముఖం చిన్నబోయిన మాట నిజమే. కానీ ఆ రాత్రి ఆమె మా దగ్గరకు వచ్చి, మనిషి దగ్గరకు రావడం మంచిదేనని ఆ పిల్లకు అలవాటైతే దానికే నష్టమని నెమ్మదిగా వివరించింది. కాకినాడ దగ్గరి హోప్ ఐలాండ్‌లో గుడ్లు పెట్టడానికి వచ్చిన ఆలివ్ రిడ్లే తాబేలు చుట్టూ టార్చిలైట్లు వేసి నిలబడ్డ జనాన్ని చూసి బాధపడ్డ నాకు, ఆమె మాట మనసుకు బాగా పట్టింది.

అందుకే, ఒకే ఒక్కసారి ఈ నియమం తప్పినప్పుడు నాకు అంత కోపం వచ్చింది. ఒక సాయంత్రం ఒడ్డున దిగకుండా పడవల మీదే తిరుగుతూ ఫర్ సీల్స్‌ను చూపించారు. ఫర్ సీల్స్‌కు బయటికి కనబడే చెవులు ఉంటాయి, ముందు రెక్కల మీద లేచి నడవగలవు, పరుగెత్తగలవు. జతకట్టే కాలంలో మగవి తమ నేల మీదికి ఎవరు వచ్చినా ఎదురుతిరుగుతాయి. ఒక ప్రయాణికుడు పదే పదే అడగడంతో మా పడవ నడిపే కుర్రవాడు రాళ్లకు బాగా దగ్గరగా పోనిచ్చాడు. రాతి మీదున్న మగ సీల్ లేచి, పళ్లు చూపి, పక్కనున్న ఇంకోదాని మీద పడింది. రెండూ కరుచుకుంటూ నీళ్లలోకి జారాయి. ఫొటోలు అద్భుతంగా వచ్చాయని పడవలో కొందరు సంతోషించారు. నేను కెమెరా సంచిలో పెట్టేశాను. ఓడకు తిరిగి రాగానే యాత్ర నాయకుడికి జరిగింది చెప్పాను. ఆయన వాదించలేదు, కుర్రవాడిని వెనకేసుకురాలేదు. మరునాటి ఉదయం అందరి ఎదుట అది తప్పని ఒప్పుకుని, ఆ రోజు నుంచి పడవల దూరాన్ని రేడియోలో తానే అడిగి తెలుసుకున్నారు. తప్పు జరగడం వేరు, జరిగిన తప్పును దిద్దుకోవడం వేరు. రెండోది వాళ్లు బాగా చేశారు.

సెయింట్ ఆండ్రూస్ బే మాకు దక్కలేదు. లక్షన్నర జతల కింగ్ పెంగ్విన్లు ఉండే, ఆ దీవిలోకెల్లా పెద్ద స్థావరం అది. అక్కడికి వెళ్లాలనే చాలామంది ఈ యాత్ర ఎంచుకుంటారు. తెల్లవారగానే ఓడ అక్కడికి చేరింది. తీరమంతా తెలుపూ నలుపూ చుక్కలు పరచినట్టు దూరం నుంచి కనబడుతోంది. ఇంతలో మంచునదుల మీద నుంచి చల్లగాలి ఒక్కసారిగా కిందికి విరుచుకుపడి, నీటిని ముక్కలు చేసి పైకి ఎగరగొట్టింది. మూడు గంటలు చూసి నాయకుడు దిగడం రద్దు చేశారు. కొందరు గొడవ పెట్టుకున్నారు. తుపాను హెచ్చరిక ఉన్నా వేటకు వెళ్లిన పడవల కోసం ఒడ్డున కూర్చుని ఎదురుచూసిన కుటుంబాలను ఎరిగిన దాన్ని కాబట్టి, ఆ నిర్ణయాన్ని తప్పుపట్టలేను. కానీ ముందే ఇలా జరగవచ్చునని, నాలుగైదు దిగుళ్లలో ఒకటి రెండు పోవడం మామూలేనని టికెట్టు అమ్మేటప్పుడు చెప్పి ఉండవలసింది.

గ్రిట్‌వికెన్‌లో అంటార్కిటిక్ అన్వేషకుడు షాకిల్టన్ సమాధి, మూతపడిన తిమింగలాల కర్మాగారం చూశాము. 1904 నుంచి సుమారు అరవై ఏళ్లలో ఆ దీవిలో 1,75,000 పైగా తిమింగలాలను కోశారని అక్కడి మ్యూజియం ద్వారా తెలుసుకుని, తుప్పుపట్టిన ఆ బాయిలర్ల మధ్య ఎక్కువసేపు ఉండలేకపోయాను. మా తమ్ముడు బాగా ఫొటోలు తీసుకున్నాడు.

ఇతర సౌకర్యాల గురించి కొద్దిగా. గది శుభ్రంగా, వెచ్చగా ఉంది. శాకాహారం రోజూ దొరికింది గాని రుచి లేదు. ఇంటి నుంచి తీసుకువెళ్లిన కందిపొడి ఆదుకుంది. ఓడలో అరువు ఇచ్చే రబ్బరు బూట్లు నాణ్యమైనవే, కానీ నా పాదానికి సరిపోయే చిన్న సైజు లేదు. రెండు జతల ఊలు మేజోళ్లు తొడిగి నెట్టుకొచ్చాను. తడి రాళ్ల మీద రెండుసార్లు కాలు జారింది. మన ఆడవాళ్లు ఎవరైనా వెళ్తే బూట్ల సైజు ముందే రాసి, ఉందని జవాబు వచ్చేదాకా వదలవద్దు. సాయంత్రం ఉపన్యాసాలు మాత్రం ఎంతో బాగున్నాయి. కింగ్ పెంగ్విన్ ముక్కు మీది నారింజ పట్టీ మన కంటికి కనబడని అతినీలలోహిత కాంతిని కూడా ప్రతిఫలిస్తుందని, జత ఎంచుకోవడంలో అది పనికివస్తుందని చెప్పిన గంటను నేను మరువలేను.

సామాను విషయంలో నా అనుభవం ఇది. 100-400 మిల్లీమీటర్ల లెన్సు ఒకటి, 24-70 మిల్లీమీటర్ల లెన్సు ఒకటి చాలు. సంచి కింద పెట్టకూడదు కాబట్టి ఒడ్డున లెన్సు మార్చడం కష్టం, వీలైతే రెండు కెమెరాలు మెడలో వేసుకోవాలి. బ్యాటరీలు లోపలి జేబులో ఒంటికి ఆనించి ఉంచుకోవాలి, చలికి ఛార్జి త్వరగా పడిపోతుంది. ఉప్పునీటి తుంపర నుంచి కాపాడే నీరుచొరని సంచి తప్పనిసరి. కోనసీమలో తెల్లవారుజామున ఏసీ గదిలోంచి కెమెరా బయటికి తీస్తే లెన్సు మీద ఆవిరి పట్టడం మనకు అలవాటే. అక్కడ అది తిరగబడుతుంది, బయటి చలి నుంచి వెచ్చని గదిలోకి వెళ్లినప్పుడు ఆవిరి పడుతుంది. బయట ఉండగానే కెమెరాను సంచిలో పెట్టి మూసేసి, గదిలో గంటసేపు తెరవకుండా వదిలేయాలి. ఫ్లాష్ వాడకూడదు, డ్రోను ఎగరేయకూడదు. రెండూ ఇంట్లోనే వదిలి వెళ్లండి.

తిరిగి వచ్చిన వారానికి కోరంగి వెళ్లి, ఆ నలుచదరపు కంటిపాప ఫొటోను మా పడవ నడిపే ఆయనకు చూపించాను. చాలాసేపు ఫోను పట్టుకుని, వేళ్లతో పెద్దది చేసి చూసి, "ఇది ఎంత దూరంలో ఉందండి అమ్మగారూ?" అని అడిగాడు. చెప్పాను. "అయితే మనం కూడా ఇంజను ఇంకాస్త ముందు ఆపుదామండి" అన్నాడు. ఆ రోజు మామూలుగా ఆపే చోటికి చాలా ముందే ఆపాము. ఆటు మొదలైంది, పడవ మెల్లగా సాగింది, నీటికుక్కలు రెండు గట్టు మీద చేప తింటూ చాలాసేపు ఉన్నాయి.

ఓడ సంస్థకు నేను రాసిన ఉత్తరంలో మూడు విషయాలు ఉన్నాయి: నిపుణుల సంఖ్య, బూట్ల సైజులు, ఆ ఫర్ సీల్ పడవ. బూట్ల గురించి వెంటనే జవాబు వచ్చింది, చిన్న సైజులు తెప్పిస్తామని. పడవ గురించి యాత్ర నాయకుడే స్వయంగా రాశారు. నిపుణుల సంఖ్య మీద ఇంతవరకూ జవాబు లేదు. వస్తే ఈ సమీక్షకు చివర అది కూడా చేరుస్తాను.